రాళ్ళ మధ్య రంగుల చేపలు



హాల్లో ఓ మూల అద్దాల తొట్టి పెట్టి చేపల్ని పెంచుకోవాలని చాలామందికి సరదా ఉంటుంది. దుకాణానికి వెళితే పసుపుపచ్చనివి, నీలం మీద నల్లచారలున్నవి కొన్ని ఇట్టే కంటికి నచ్చుతాయి. వాటిని ఆఫ్రికన్ సిక్లిడ్లు అంటారు. పిల్లలు ముచ్చటపడ్డారు కదా అని ఓ జంటను తెచ్చి, చిన్న తొట్టిలో రెండు ప్లాస్టిక్ మొక్కలు పెట్టి వదులుతాం. కొద్దిరోజులకే ఒకటి రెక్కలు చిరిగి, మూల నక్కి, చివరకు చచ్చి తేలుతుంది. "నీళ్ళు పడలేదు కాబోలు" అనుకుంటాం. కాని చాలాసార్లు దాన్ని చంపింది రెండో చేపే! ఎందుకో తెలియాలంటే వీటి పుట్టిల్లు ఎలాంటిదో చూడాలి.

తూర్పు ఆఫ్రికాలో మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య మలావీ సరస్సు ఉంది. పొడవు సుమారు 580 కిలోమీటర్లు, అత్యధిక లోతు సుమారు 700 మీటర్లు. అందులో వందలాది సిక్లిడ్ జాతులున్నాయి. చాలా మటుకు ప్రపంచంలో మరెక్కడా కనిపించవు. ఒడ్డున బండరాళ్ళ సందుల్లో బతికే వాటిని అక్కడివాళ్ళు 'ఎంబునా' అంటారు. రాతిమీది పాచి గీరుకు తినడం, రాతిసందులో దాక్కోవడం, ఆ రాతి దగ్గరే కాపురం. మగచేపకు తన సందు అంటే ప్రాణం. ఇంకో మగది వస్తే తరిమికొడుతుంది. సరస్సులో అయితే ఓడినది పారిపోతుంది. అద్దాల తొట్టిలో ఎక్కడికి పోతుంది చెప్పండి?

అంచేత తొట్టిలో రాళ్ళు మన కంటికి అలంకారం కాదు. వాటికి అవే గదులూ గోడలూ. తొట్టి కనీసం నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. సుమారు 250 లీటర్ల నీళ్ళు పడతాయి. రాళ్ళతో కలిపి బరువు 300 కిలోలు దాటుతుంది కనుక షోకేసు మీద పెట్టకండి, గట్టి ఇనప స్టాండు చేయించండి.

అడుగున పల్చటి ఫోమ్ షీటు పరిచి, దాని మీద రాళ్ళు పేర్చి, ఆ తరువాతే ఇసుక పొయ్యండి. ఇసుక మీద రాళ్ళు పెడితే, యీ చేపలు అడుగున తవ్వి గుట్టను కూలదోస్తాయి. అద్దం పగిలినా పగలవచ్చు. గుండ్రటి ఏటిరాళ్ళు, మెరుగుపెట్టని నాపరాతి ముక్కలు బాగుంటాయి. ప్రతి సందుకూ రెండు దారులుంచండి. ఒకవైపు నుంచి తరిమితే రెండోవైపు నుంచి తప్పుకోవాలి కదా మరి! ఒకే గుట్ట కాకుండా రెండు మూడు పెడితే ఒకదాని కంట మరొకటి పడదు. ముందుభాగం ఈదడానికి ఖాళీగా వదలండి.

ఇక నీళ్ళు. గిన్నెల అడుగున తెల్లపొర కట్టే బోరునీళ్ళంటే మనకు విసుగు గాని, వీటికి అలాంటి ఖనిజాలున్న నీళ్ళే హితం. పి.హెచ్. 7.8 నుంచి 8.6 వరకు ఉండాలి. దుకాణంలో దొరికే కిట్‌తో చూసుకోండి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి.

ఒక్కమాట గట్టిగా గుర్తుంచుకోండి. తొట్టి నింపిన రోజునే చేపలు వదలకూడదు. చేపల మలినంలోంచి పుట్టే అమ్మోనియాను తినేసే సూక్ష్మజీవులు ఫిల్టరులో పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి స్పాంజి ముక్క తెచ్చి వేస్తే, పాలలో తోడు వేసినట్టు త్వరగా పెరుగుతాయి. పి.హెచ్. ఎక్కువగా ఉన్న నీటిలో అమ్మోనియా మరింత విషం.

చేపలు ఎన్ని? జంటగా కాదు, గుంపుగా! పన్నెండు నుంచి పదిహేను పిల్లచేపల్ని ఒకేసారి వదలండి. రెండే ఉంటే దెబ్బలన్నీ ఒకదానికే. గుంపులో అయితే పంచుకుంటాయి. పెద్దవైతే ఒక మగదానికి మూడు ఆడవి ఉండేలా చూసుకుని, మిగిలిన మగవాటిని దుకాణానికి తిరిగి ఇవ్వండి. 'ఎలక్ట్రిక్ ఎల్లో' అనే పసుపుచేప కాస్త నెమ్మదైనది. మొదట దాంతో ప్రారంభించండి. 'ఆరేటస్' మహా పోట్లమారిది. తరువాత కొత్తవి చేర్చాలంటే రాళ్ళు మార్చి పేర్చండి. అప్పుడు పాతవాటికీ ఇల్లు కొత్తదే.

గుంపు పెద్దది కనుక ఫిల్టరు గట్టిదిగా ఉండాలి, వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చాలి. తిండి పాచిలాంటి శాకాహారమే ఎక్కువగా ఉండాలి, స్పిరులినా కలిసిన గింజలు మంచివి. మాంసం ఎక్కువగా పెడితే కడుపుబ్బి చచ్చే ప్రమాదం ఉంది.

ఎప్పుడైనా ఒక ఆడచేప దవడ ఉబ్బి, తిండి మానేస్తే కంగారుపడకండి. అది గుడ్లను నోట్లో దాచుకుంది! సుమారు మూడు వారాలు ఉపవాసముండి, పిల్లలు ఈదగలిగాక వదులుతుంది. ఆ రోజుల్లో మగచేప దాని వెంట పడకుండా రాతిసందులే కాపాడతాయి.

పిల్లలు ఎక్కువైతే చెరువులోనో కాలువలోనో వదలకండి. తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడే. 1952లో మన దేశానికి తెచ్చారు. తరువాత అది ఎన్ని చెరువులకు పాకిందో చూస్తున్నాం. ఎవరికైనా ఇవ్వండి, లేదా దుకాణానికి అప్పగించండి.

తొట్టి కొనేముందే యీ పనులకు తీరిక, చోటు ఉన్నాయో లేదో చూసుకోండి. ఉంటే మీ ఇంట్లో ఆ చేపలు ఏళ్ళతరబడి హాయిగా బతుకుతాయి.