మూకుడులో పాలేరు

పిల్లలూ, ఇది 2024 ఎండాకాలం నాటి మాట. మా మనవరాలు సెలవులకి మా ఊరు తిరుమలాయపాలెం వచ్చింది. ఒకరోజు ఎండ ముదరకముందే కూసుమంచి వైపు బయల్దేరి పాలేరు జలాశయం కట్ట ఎక్కాం. రెండేళ్ల కిందట అది వచ్చినప్పుడు నీళ్లు కట్ట రాళ్లని తడుపుతుండేవి. ఇప్పుడవి ఎక్కడో లోపలికి జరిగిపోయాయి. శిఖం నేలంతా నెర్రెలు బారి ఉంది. ఆ నెర్రెల మధ్య మేకలు గడ్డి వెతుక్కుంటున్నాయి.

"తాతా, అన్ని నీళ్లు ఎటుపోయినయ్? ఎండకే ఎగిరిపోయినయా?" అనడిగింది.

"ఎండ తీసుకుంది కొంతే బిడ్డా. మిగతా లెక్క ఇంటికి పోయినంక చూపిస్తా" అన్నాను.

ఇంటికి రాగానే వాళ్ల నాయనమ్మని అడిగి పెద్ద మూకుడు తెచ్చాను. అడుగున ఇరుగ్గా, పైన వెడల్పుగా ఉంటుంది కదా మూకుడు! దాన్ని నిండా నీళ్లతో నింపి, మధ్యలో మనవరాలి బడి స్కేలు నిలబెట్టాను. "ఒక్కొక్క గ్లాసు ముంచి తియ్యి, తీసినప్పుడల్లా మట్టం ఎంత దిగిందో రాసుకో" అన్నాను. మొదటి గ్లాసు తీస్తే మట్టం దిగిందో లేదో తెలియలేదు. మూడో నాలుగో గ్లాసుకి కాస్త కనబడింది. అడుక్కి వచ్చేసరికి అదే గ్లాసు, అవే నీళ్లు, కానీ మట్టం గబుక్కున జారిపోయింది.

"తాతా, ముందు మెల్లగ దిగింది, ఇప్పుడేంది ఇంత జల్ది దిగుతాంది?" అంది.

పిల్లలూ, జలాశయం కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఏ జలాశయమైనా పెద్ద మూకుడే. రెండు గుట్టల మధ్య లోయకి అడ్డంగా కట్ట కడితే నీళ్లు పైన విశాలంగా పరుచుకుంటాయి, అడుగున ఇరుకు గాడిలో ఉంటాయి. కాబట్టి పైనున్న అడుగు నీళ్లూ కిందనున్న అడుగు నీళ్లూ ఒకటి కావు.

నాగార్జునసాగర్‌నే చూడండి. మన పాలేరుకి నీళ్లు వచ్చేది సాగర్ ఎడమ కాలువ నుంచే. నిజాం కాలంలో కట్టిన పాలేరు చెరువు తర్వాత ఆ కాలువ దారిలో నీళ్లు నిలవేసుకునే జలాశయమైంది. దాని నిండు మట్టం 23 అడుగులు, పట్టేది సుమారు రెండున్నర టీఎంసీలు. సాగర్ నిండు మట్టం సముద్రమట్టానికి 590 అడుగులు, పట్టేది 312 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. దాన్ని చదును నేల మీద అడుగు లోతున నిలబెడితే దాదాపు 23 వేల ఎకరాలు మునుగుతాయి. సాగర్ నిండుగా ఉన్నప్పుడు ఒక్క అడుగు దిగిందంటే సుమారు మూడు టీఎంసీలు తగ్గినట్టు. 510 అడుగుల దగ్గర అదే అడుగుకి రెండు టీఎంసీలు కూడా ఉండవు. అందుకే కాలువలకి రోజూ ఒకే లెక్కన వదులుతున్నా, చివరి నెలల్లో మట్టం పరుగెడుతున్నట్టు దిగుతుంది.

ఇంకో సంగతి ఉంది. ఆ 510 అడుగులే సాగర్‌కి కనీస మట్టం. అక్కడికి దిగినా లోపల 130 టీఎంసీల పైచిలుకు నీళ్లు కనబడుతూనే ఉంటాయి. కానీ అవి పొలాలకి లెక్కలోకి రావు. అంతకన్నా కిందికి పోతే హైదరాబాద్ తాగునీళ్ల కోసం పుట్టంగండి దగ్గర ప్రత్యేకంగా మోటార్లు పెట్టి తోడాల్సి వస్తుంది. కాబట్టి 312 అన్న అంకె చూసి ధీమా పడకూడదు. అందులో మనం వాడుకోగలిగేది దాదాపు 180 మాత్రమే.

మరి ఎండ వాటా ఎంత? సాగర్ నిండితే 285 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. ఆ నీటి మీద నుంచి రోజుకి అర సెంటీమీటరు ఆవిరైనా ఇరవై రోజులకి ఒక టీఎంసీ పోయినట్టే. వేసవి వడగాలికి ఇంకా ఎక్కువే పోతుంది. ఎండ చేసే నష్టం చిన్నదేమీ కాదు. అయినా ఎంత ఎండ కాసినా, వానలు బాగా పడ్డ ఏడాది జలాశయం ఎండిపోదు. అసలు కారణం మనకి కనబడనంత దూరంలో ఉంది.

సాగర్‌కి నీళ్లు తెచ్చే కృష్ణా నది పుట్టేది మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండల్లో. అక్కడ ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. మన ఖమ్మం వైపు పడేది వెయ్యి అటూఇటూ. అంటే తిరుమలాయపాలెంలో ఎంత వాన కురిసినా సాగర్ నిండదు, పడమటి కనుమల్లో కురవాలి. అక్కడి నీళ్లు కూడా నేరుగా మన దాకా రావు. దారిలో కృష్ణ మీద ఆలమట్టి, నారాయణపూర్, జూరాల ఉన్నాయి. తుంగభద్ర మీద హోస్పేట దగ్గర ఇంకో పెద్ద డ్యాం ఉంది. రెండు నదులూ కలిశాక శ్రీశైలం, ఆ తర్వాతే సాగర్. మెట్ల మీద వరసగా కుండలు పెట్టి పై కుండలో నీళ్లు పోసినట్టు ఊహించుకోండి. పై కుండ నిండి పొర్లితేనే కింది కుండకి నీళ్లు. వానలు సమృద్ధిగా ఉంటే అన్నీ నిండుతాయి. వానలు సగమైతే పై కుండలు సగం కావు, అవి మామూలుగానే నిండుతాయి. లోటంతా కింది కుండ మీద పడుతుంది. పైన కాస్త తక్కువైన వాన మన దగ్గరికి వచ్చేసరికి పెద్ద కరువు అవుతుంది.

దానికి తోడు ఎండిన నేలకి దాహం ఎక్కువ. తొలకరి జల్లులు ఏటి దాకా పోవు, ముందు నేలే తాగేస్తుంది. చెరువులూ కుంటలూ తమ వాటా పట్టుకుంటాయి. ఆ దాహం తీరాకే వాగులు పారతాయి. అందుకే వాన పది పాళ్లు తగ్గితే నదిలో ప్రవాహం అంతకన్నా చాలా ఎక్కువ తగ్గుతుంది.

2023లో జరిగిందదే. ఆ ఏడు ఎల్‌నినో వచ్చింది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని తగ్గించే మార్పు. 1901 నుంచి లెక్కలు చూస్తే మన దేశంలో అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు మరొకటి లేదు. సాగర్ నిండలేదు. ఎడమ కాలువ కింద యాసంగికి ఎప్పటిలా నీళ్లు రాలేదు. తర్వాతి ఎండాకాలంలో సాగర్ నీళ్లు పాలేరుకి వదిలింది పంటల కోసం కాదు, తాగడానికి. మనవరాలు కట్ట మీద చూసిన నెర్రెలు ఏప్రిల్ ఎండకి పుట్టినవి కావు. అంతకుముందు ఆగస్టులో పడని వానకి పుట్టినవి. కరువు వానాకాలంలోనే వస్తుంది పిల్లలూ, మన కంటికి ఎండాకాలంలో కనబడుతుంది.

ఇది మన ఒక్కరి గోడు కాదు. అమెరికాలో నెవాడా ఎడారి అంచున మీడ్ సరస్సు అని ఉంది. కొలరాడో నదికి అడ్డంగా కట్టిన హూవర్ డ్యాం వెనక నిలిచిన నీళ్లవి. దాని నిండు మట్టం సముద్రమట్టానికి 1,229 అడుగులు. ఏళ్ల తరబడి కరువు పట్టి 2022 జులైకి సుమారు 1,040 అడుగులకి దిగింది. 1937లో నింపుతున్న రోజుల తర్వాత అంత కిందికి దిగడం అదే మొదలు. నీళ్లు దిగిన మేర కొండ రాళ్ల మీద తెల్లటి పట్టీ మిగిలింది. మన ఇంట్లో ఉప్పునీళ్ల బిందెకి లోపల తెల్లగా సున్నం పేరుకుంటుంది చూశారా, అదీ అలాంటిదే. ఎప్పుడో మునిగిన పడవలు బయటపడ్డాయి. ఆ సరస్సుకి నీళ్లిచ్చేది దూరాన రాకీ కొండల మీద కురిసే మంచు. మనకి మహాబలేశ్వరం ఎలాగో వాళ్లకి ఆ కొండలు అలాగ. మన తెలుగు పిల్లలు ఎంతోమంది కాపురాలు పెట్టుకున్న ఫీనిక్స్ ఊరికి ఆ నది నీళ్లు ఎడారిలో 540 కిలోమీటర్ల కాలువ మీద, మోటార్లతో ఎత్తిపోస్తే వస్తాయి. 2022లో వాటా కోత పడినప్పుడు ముందు నష్టపోయింది అరిజోనాలో ఆ కాలువ నీళ్ల మీద సాగు చేసే రైతులే. చివరి ఆయకట్టు రైతు బాధ ఏ దేశంలోనైనా ఒకటే.

అక్కడి లాస్‌వేగాస్ ఊరు ఒక మంచి పని చేసింది. ఇళ్లలో స్నానానికీ గిన్నెలకీ వాడిన నీళ్లని దాదాపు మొత్తం శుద్ధి చేసి తిరిగి సరస్సులోకే పంపుతోంది. అందం కోసం తప్ప ఎందుకూ పనికిరాని పచ్చిక తీసేయాలని నెవాడా రాష్ట్రం 2021లో చట్టం చేసింది.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. జలాశయానికి కరువు చేసే నష్టం వానలు వస్తే పూడుతుంది. ఒండ్రు చేసే నష్టం పూడదు. సాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు 312. మట్టం ఈనాటికీ 590 అడుగులే. మూకుడు అంచు మారలేదు, లోపల మట్టి మేటవేసింది. మా తాతల కాలంలో ఏటా ఎండాకాలం చెరువు మట్టి తీసి బండ్ల మీద పొలాలకి తోలేవారు. చేనుకి బలం, చెరువుకి లోతు. అంత తెలివైన పనిని మనం మళ్లీ అలవాటు చేసుకోవాలి.

మనవరాలు వచ్చిన ఆ 2024లోనే, ఆగస్టులో ఎగువ వానలకి సాగర్ గేట్లు ఎత్తారు. సెప్టెంబరు 1న మన దగ్గరే కుండపోత కురిసింది. ఆకేరు, మున్నేరు వాగులు ఊళ్ల మీద పడ్డాయి. పాలేరు పొంగింది, ఎడమ కాలువకి గండ్లు పడ్డాయి. మేకలు మేసిన శిఖం నాలుగైదు నెలల్లో సముద్రమైంది. మనవరాలు ఫోన్ చేసి "తాతా, ఇగ మనకు కరువు లేనట్టేనా?" అంది. "మూకుడు నిండింది బిడ్డా. గ్లాసు మన చేతిలోనే ఉంది" అన్నాను.

మా తిరుమలాయపాలెం మెట్ట ఊరు. పాలేరు పక్కనే ఉన్నా నీళ్లు ఎత్తుకి ఎక్కవు కదా! 2017 జనవరి 31న భక్త రామదాసు ఎత్తిపోతల పథకం మొదలయ్యాకే ఆ నీళ్లు మా చేలకి ఎక్కాయి. నేలకొండపల్లిలో పుట్టి భద్రాద్రి గుడి కట్టించిన కంచర్ల గోపన్న పేరు దానికి పెట్టారు. అయితే ఎంత పెద్ద మోటారైనా ఉన్న నీళ్లనే ఎత్తుతుంది, లేని నీళ్లని పుట్టించలేదు. పాలేరు దిగితే మా కాలువా ఎండుతుంది.

అందుకే రైతు బిడ్డలకి నా మాట ఒకటే. నీళ్ల లెక్క ఏప్రిల్‌లో చూడకండి, దసరా నాడు చూడండి. పత్రికలో సాగర్ ఎన్ని అడుగులుందో చదివి ఆగకండి. ఎన్ని టీఎంసీలుందో, 510కి పైన మిగిలిందెంతో లెక్క కట్టండి. శ్రీశైలంలో ఎంతుందో కూడా చూడండి. తక్కువగా ఉంటే యాసంగికి వరి మాని ఆరుతడి పంటలు వేయండి. ఎకరం వరికి పారే నీళ్లతో రెండెకరాల మొక్కజొన్నో పెసరో పండుతుందని మా అనుభవం. వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు వదిలే పద్ధతి పెడితే, మీ వంతు అయ్యాక తూము దించి, కింది రైతుకి వదలండి. మూకుడు నిండుగా ఉన్నప్పుడు దాచుకున్న గ్లాసే అడుగంటిన నాడు గొంతు తడుపుతుంది.