మాట రాకపోతేనేం.. గీత ఉందిగా!

మా అమ్మకు లిఫ్ట్‌ అంటే భయం లేదు. లిఫ్ట్‌లోకి ఇంకొకరు ఎక్కితేనే భయం. వాళ్లు హిందీలో ఏదో అడుగుతారు. ఏం చెప్పాలో తెలియక అమ్మ నవ్వి ఊరుకుంటుంది. ఆ ఇబ్బంది పడలేక కొన్నాళ్లకు నాలుగంతస్తులూ మెట్లెక్కి రావడం మొదలుపెట్టింది. ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. మోకాళ్ల నొప్పులని తీసుకెళ్తే, ‘రోజూ మెట్లెక్కుతున్నారా?’ అని డాక్టర్‌ అడిగినప్పుడు బయటపడింది.

నాన్న పోయాక అమ్మను ప్రకాశం జిల్లాలోని మా ఊరి నుంచి హైదరాబాద్‌, నిజాంపేటకు తీసుకొచ్చా. తన వయసు 54. చదివింది మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. రాయమంటే మాత్రం ‘నాకేం తెలుసమ్మాయ్‌, నువ్వే చూడు’ అంటుంది. గ్యాస్‌ బిల్లు నుంచి బస్సు బోర్డు దాకా అన్నిటికీ అదే మాట. నేనేమో పొద్దున్నే మీటింగ్‌తో మొదలుపెట్టి రాత్రి దాకా ల్యాప్‌టాప్‌ ముందే. మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లున్నాయి. తమిళులు, బెంగాలీలు, మార్వాడీలు అందరూ ఉన్నారు. అమ్మకు మాట్లాడే మనిషే లేరు.

ఏడాదిన్నర ఓపిక పట్టి, ఒక రాత్రి మెల్లగా అంది: ‘నన్ను ఊళ్లో దింపేసి రామ్మా. ఈడ నేను మూగదాన్నయిపోయా.’

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి ఆదివారం.. అట్టర్‌ ఫ్లాప్‌!

మా టీమ్‌లో ఒకబ్బాయి వీకెండ్‌ వస్తే స్కెచ్‌బుక్‌ పట్టుకుని చార్మినార్‌ వైపు వెళ్లిపోతాడు. ‘అర్బన్‌ స్కెచర్స్‌’ గురించి అతనే చెప్పాడు. సియాటిల్‌లో ఉండే గాబ్రియెల్‌ కాంపనారియో అనే పాత్రికేయుడు 2007లో ఫ్లికర్‌లో మొదలుపెట్టిన గ్రూప్‌ అది. ఇప్పుడు వందల నగరాలకు పాకింది. అందరూ ఒకచోట కూర్చుని కళ్ల ముందున్నది గీస్తారు. చివర్లో బొమ్మలన్నీ ఒకచోట పరిచి చూసుకుంటారు. ఒకరి భాష ఇంకొకరికి రాకపోయినా బొమ్మ దగ్గర మాటలు కలుస్తాయట.

ఇదేదో బాగుందనిపించింది. మా అపార్ట్‌మెంట్‌ కమ్యూనిటీ హాల్లో ‘పెద్దల కోసం డ్రాయింగ్‌ వర్క్‌షాప్‌’ అని వాట్సాప్‌ గ్రూప్‌లో మెసేజ్‌ పెట్టేశా. 14 మంది వచ్చారు. అందరికీ ఏ4 పేపర్లు, పెన్సిళ్లు, రబ్బర్లు ఇచ్చి, ‘మీ జీవితంలో సంతోషకరమైన క్షణం గీయండి’ అన్నా. బెస్ట్‌ డ్రాయింగ్‌కు ప్రైజ్‌ కూడా ఉందన్నా.

అంతే, హాలంతా పరీక్ష హాలయిపోయింది. మగవాళ్లు ఫోన్లు తీశారు. ఆడవాళ్లు పేపర్లు తెచ్చి పిల్లల చేతిలో పెట్టారు. అమ్మ ఒక ఇల్లు గీయబోయి, పక్కనున్న పిల్లాడు ‘ఆంటీ, రూఫ్‌ రాంగ్‌’ అనగానే రబ్బరుతో చెరిపేసింది. ఇంటికొచ్చాక నన్ను తిట్టలేదు. ‘పిల్లోళ్ల ముందర నన్నెందుకు కూర్చోబెట్టావమ్మా?’ అని మాత్రం అడిగింది.

మా భాషలో చెప్పాలంటే, యూజర్‌ ఎవరో తెలుసుకోకుండా ప్రొడక్ట్‌ రిలీజ్‌ చేసేశానన్నమాట.

తప్పెక్కడ జరిగింది?

ఆ వారమంతా రాత్రిళ్లు కూర్చుని, పెద్దవాళ్లకు చదువు ఎలా చెబుతారో చదివా. మొదట తగిలిన పేరు పావ్‌లో ఫ్రెయిరీ. బ్రెజిల్‌ విద్యావేత్త. 1963లో అక్కడి అంగికోస్‌ అనే పట్టణంలో దాదాపు 300 మందికి 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పించాడు. అప్పట్లో బ్రెజిల్‌లో చదువురానివాళ్లకు ఓటు లేదు. కాబట్టి అది ఉత్త అక్షరాల గొడవ కాదు. 1964లో సైన్యం అధికారంలోకి రాగానే ఆయన్ను జైల్లో పెట్టారు, తర్వాత దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది.

ఫ్రెయిరీ పద్ధతిలో నాకు నచ్చింది ఏంటంటే, అక్షరాల కంటే ముందు బొమ్మలొస్తాయి. మట్టితో కుండ చేసే మనిషి, వేటగాడు, ఇలా వాళ్లకు తెలిసిన బతుకు బొమ్మలు చూపించి మాట్లాడిస్తారు. ‘నాకేమీ తెలియదు’ అనుకునే మనిషికి ‘నాకు చాలా తెలుసు’ అని అర్థమయ్యాక అక్షరం మొదలవుతుంది.

రెండో పేరుకు మన ఊరితోనే లింకుంది. బ్రిటన్‌కు చెందిన రాబర్ట్‌ చాంబర్స్‌ 1989 నుంచి 1991 వరకూ హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్‌ స్టాఫ్‌ కాలేజ్‌లో పనిచేశాడు. అధికారులు ఊరి గురించి ప్రశ్నలు వేసి రాసుకోవడం కాదు, ఊరివాళ్లే తమ ఊరి మ్యాప్‌ నేల మీద గీయాలి అనే పద్ధతి మన దేశంలో ఊపందుకున్న రోజులవి. కాగితం, పెన్ను కాదు. ముగ్గుపిండి, గింజలు, పుల్లలు, రాళ్లు. చేతిలో కర్ర ఉన్నవాడే చెప్పేవాడు, అధికారి వినేవాడు.

ఈ రెండూ కలిపి యాక్షన్‌ఎయిడ్‌ సంస్థ 1993-95 మధ్య ఉగాండా, బంగ్లాదేశ్‌, ఎల్‌సాల్వడార్‌లలో ‘రిఫ్లెక్ట్‌’ అనే వయోజన విద్యా పద్ధతిని పరీక్షించింది. అందులో వాచకం ఉండదు. ఊరి మ్యాప్‌, పంటల క్యాలెండర్‌ నేర్చుకునేవాళ్లే గీస్తారు. వాటి గురించి వాదించుకుంటారు. ఆ బొమ్మల్లోంచే మొదటి పదాలు పుడతాయి.

నేను చేసింది సరిగ్గా దీనికి రివర్స్‌. వాళ్లకు తెలిసింది అడగకుండా, రానిది చేయించబోయా. పైగా ప్రైజ్‌ పెట్టా!

సుద్దముక్కలు, నేల, పొగాకు బ్యారన్‌

రెండోసారి కుర్చీలు తీసేశా. పేపర్లు, రబ్బర్లు లేవు. సుద్దముక్కలు మాత్రమే. పిల్లలకు నో ఎంట్రీ. ప్రశ్న ఒక్కటే: ‘మీరు పుట్టిన ఇంటి నుంచి నీళ్ల దగ్గరికి దారి గీయండి.’

ఈసారి వచ్చింది ఏడుగురే. కానీ ఐదు నిమిషాల్లో అందరూ నేల మీద వంగిపోయారు. అమ్మ ఇల్లు గీసింది, వేపచెట్టు గీసింది, చెరువుకు దారి గీసింది. పక్కనే మూడో అంతస్తు బెంగాలీ పెద్దావిడ ఇంటి వెనకే కుంట గీసి, అందులో చేపల్ని నింపేసింది. తర్వాత అమ్మ చెరువు వైపు వేలు చూపించి ‘మాఛ్‌?’ అంది. అమ్మ అయోమయంగా చూస్తే, వాచ్‌మన్‌ భార్య అందుకుంది. వాళ్లది ఒడిశాలోని గంజాం జిల్లా, తెలుగు కాస్త వచ్చు. ‘చేపమ్మా, మేం కూడా మాఛ అనే అంటాం’ అంది. అమ్మ గబగబా తన చెరువులో రెండు చేపలు వేసింది. ముగ్గురూ నవ్వారు.

తర్వాత అమ్మ ఒక పొడవాటి గది గీసింది. అదేంటో ఎవరికీ అర్థం కాలేదు. గుడా? గోడౌనా? అమ్మ పక్కనే కర్రలు గీసింది. కర్రలకు ఆకులు వేలాడదీసింది. కింద మంట పెట్టింది. పొగాకు బ్యారన్‌! ఆకు కర్రలకు ఎలా అల్లుతారో, లోపల వరసలుగా ఎలా కడతారో, వేడి ఎక్కువైతే ఆకు ఎలా పాడవుతుందో, చేతులతో, సగం తెలుగుతో, బొమ్మతో చెబుతూనే ఉంది. బెంగాలీ ఆవిడ తల ఊపుతూ ప్రశ్నలు వేస్తూనే ఉంది. ఈవిడ బెంగాలీలో అడుగుతుంది, అమ్మ తెలుగులో జవాబు చెబుతుంది!

పది నిమిషాలు. ఈ ఊరొచ్చాక అమ్మ ఒక విషయం గురించి అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. ఇంకో నిజం చెప్పనా? ఆ బ్యారన్‌ కూలి డబ్బులే నా ఇంజినీరింగ్‌ మొదటి సంవత్సరం ఫీజులో కలిశాయని నాకూ అప్పుడే తెలిసింది. నేనెప్పుడూ అడగలేదు మరి.

బొమ్మ బాగోకపోయినా గుర్తుంటుంది

ఆ వారం అమ్మ లిఫ్ట్‌లో ఎక్కింది. బెంగాలీ ఆవిడ కనిపిస్తే ‘మాఛ్‌ తెచ్చుకున్నారా?’ అని అడిగిందట. ఒక్కసారి విన్న మాట అలా ఎలా గుర్తుంది?

దీనికీ ఒక లెక్క ఉంది. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ‘డ్రాయింగ్‌ ఎఫెక్ట్‌’ పేరుతో ఒక పరిశోధన వెలువరించారు. కొన్ని పదాలిచ్చి, కొన్నిటిని పదేపదే రాయమన్నారు, కొన్నిటికి బొమ్మ గీయమన్నారు. ఒక్కో పదానికి 40 సెకన్లు. రాసినవాటి కంటే గీసినవే చాలా ఎక్కువగా గుర్తున్నాయి. సమయం 4 సెకన్లకు తగ్గించినా ఫలితం మారలేదు. గీసేటప్పుడు ఆ వస్తువు ఎలా ఉంటుందో ఆలోచిస్తాం, మనసులో చూస్తాం, చెయ్యి కదిలిస్తాం. ఈ మూడూ కలిసి జ్ఞాపకాన్ని గట్టి చేస్తాయని వాళ్ల వివరణ. బొమ్మ అందంగా ఉండాల్సిన పనేలేదు. తర్వాత వయసు పైబడినవాళ్లతో చేసినప్పుడూ గీయడం పనికొచ్చింది.

ఇది చదివాక ప్రతి ఆదివారం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరేం గీసినా, దాని పేరు తమ భాషలో చెప్పాలి. మిగతావాళ్లు ఆ బొమ్మ తామూ గీసి ఆ మాట పలకాలి. మూడో నెలకు ఊళ్లు అయిపోయాయి. మా కాలనీ మ్యాప్‌ మొదలైంది. పాల బూత్‌, మందుల షాపు, షేర్‌ ఆటోలు ఆగే చోటు. ఎవరికి ఎక్కడ భయమేస్తుందో అక్కడ ఎర్ర సుద్దతో గుర్తు. అమ్మ మెయిన్‌ రోడ్డు దాటే చోట ఎర్ర గుండ్రం పెట్టింది. బెంగాలీ ఆవిడా అక్కడే పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆ మ్యాప్‌ మీద ‘మందులు’ అని అమ్మ తనే రాసింది. రాయమని నేను చెప్పలేదు. బొమ్మ పక్కన పేరు లేకపోతే వెలితిగా ఉందట.

అమ్మకు గ్రామర్‌ వచ్చు

ఒకరోజు ముగ్గులు వేసుకున్నాం. అమ్మ చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఎన్ని చుక్కలకు గీత ఎక్కడ తిరగాలో ఎలా తెలుసని అడిగితే, ‘దానికి ఒక వరస ఉంటదమ్మాయ్‌’ అంది.

ఆ ‘వరస’ మీదే 1974లో చెన్నైకి చెందిన గిఫ్ట్‌ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌ పరిశోధన పత్రం రాశారు. తమిళ కోలాలను కంప్యూటర్‌ సైన్స్‌లోని ‘అరే గ్రామర్‌’లతో వర్ణించొచ్చని చూపించారు. బీటెక్‌లో ఫార్మల్‌ లాంగ్వేజెస్‌ సబ్జెక్ట్‌ పాసవడానికి నేను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. ‘నాకేం తెలుసు’ అనే అమ్మ వేళ్లలో అదే రూల్‌ బుక్‌ ఉంది. ఈ మాట తనకు చెబితే నమ్మలేదు. ‘నన్ను మెచ్చుకోడానికి అంటున్నావ్‌లే’ అంది. కానీ ఆ సాయంత్రం ఫోన్‌లో పిన్నికి చెబుతుంటే విన్నా.

మా ముగ్గు తడి నేల మీద పొడి పిండి. బెంగాలీ అల్పన, ఒడియా ఝోటి మాత్రం బియ్యప్పిండి జారుతో వేస్తారు. మార్గశిర గురువారాల్లో ఒడిశా ఇళ్లలో లక్ష్మీ పాదాలు, వరి కంకులు వేస్తారని వాచ్‌మన్‌ భార్య వేసి చూపించింది. అవే పాదాలు, అవే కంకులు బెంగాలీ ఆవిడ అల్పనలోనూ ఉన్నాయి. ‘మా ఇంట్లోకీ అట్నే వస్తది లక్ష్మి’ అంది అమ్మ.

ఇంతమాత్రాన అపార్ట్‌మెంట్‌ స్వర్గమైపోలేదు. చేపల వాసన మీద గ్రూప్‌లో గొడవ ఇప్పటికీ నెలకోసారి వస్తుంది. జారు ఆరిపోయి కారిడార్‌ టైల్స్‌ మీద మరకలయ్యాయని అసోసియేషన్‌ నోటీస్‌ కూడా ఇచ్చింది. కానీ ఒకప్పుడు ‘థర్డ్‌ ఫ్లోర్‌ వాళ్లు’ అనేవాళ్లు ఇప్పుడు ‘మాషీ వాళ్లు’ అంటున్నారు. పేరు తెలిసిన మనిషితో గొడవ పడటం కాస్త కష్టం.

మీరూ చేస్తారా?

మీ అపార్ట్‌మెంట్‌లోనో, ఊళ్లోనో చేయాలనుకుంటే నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవి:

• ‘డ్రాయింగ్‌ వచ్చా?’ అని అడగకండి. ‘మీ ఊరెక్కడ?’ అని అడగండి.

• కాగితం కంటే నేల మేలు. తప్పు పోతే చెయ్యితో తుడిచేయొచ్చు.

• పోటీ వద్దు, ప్రైజ్‌ వద్దు. ‘సూపర్‌’ అనడం కూడా తగ్గించండి. ‘ఇదేంటి?’ అని అడిగితే చాలు.

• మొదట బొమ్మ, తర్వాత మాట, అక్షరం ఆఖర్న. ఈ వరస మార్చొద్దు.

• ఫొటోలు చివర్లో, అదీ అడిగి తీయండి. కెమెరా చూడగానే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు.

• నిర్వహించేవాళ్లూ నేల మీద కూర్చుని గీయాలి. మీ పిచ్చి బొమ్మ చూస్తే వాళ్లకు ధైర్యమొస్తుంది.

కనుమ రోజు

మొన్న సంక్రాంతికి ఊరెళ్దామా అని అడిగా. ‘పండగ పోయాక పోదాంలే, ఈడ పనుంది’ అంది. కనుమ రోజు పొద్దున్నే లేచి చూస్తే మా గుమ్మం ముందు రథం ముగ్గు. మా ఊళ్లో రథం ముగ్గుకు తాడు గీసి, దాన్ని పక్కింటి రథానికి కలుపుతారు. అలా వీధి చివరిదాకా వెళ్తుంది. మా గుమ్మం దగ్గర మొదలైన తాడు కారిడార్‌ దాటి, ఒక్కో మెట్టూ దిగి, మూడో అంతస్తులో మాషీ వాళ్ల అల్పన దగ్గర ఆగింది.

‘మోకాళ్లు నొప్పెట్టలేదా?’ అన్నా.

‘దిగేటప్పుడే గీశా. వచ్చేటప్పుడు లిఫ్ట్‌లో వచ్చా’ అంది అమ్మ.