విమానపు ఱెక్కసందు మూత

పెనుగాలి వీచు రాత్రి తలుపునకును ద్వారబంధమునకును నడుమ సన్నని సందు మిగిలినచో, గాలి యీల వేయుచు లోనికి చొచ్చుటయు, గూటిలోని దీపము రెపరెపలాడుటయు మనలో పెక్కండ్రు ఎఱిగిన విషయమే. సందు చిన్నదైనను అది చేయు చెఱుపు చిన్నది కాదు. ఆకాశమున పోవు విమానమునకును ఇట్టి సందుబాధ కలదు. దానిని పోగొట్టు నొక చిన్న మూతను గూర్చి ఈ వ్యాసమున దెలిపెదను.

విమానములు గొప్ప కర్మాగారములలో మాత్రమే పుట్టునని తలంపరాదు. అమెరికాలో గృహస్థులు పలువురు తమ యింటి కొట్టములలోనే చిన్న విమానములను నిర్మించుకొనుచున్నారు. అట్టివారి సంఘమగు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1953వ సంవత్సరమున విస్కాన్సిన్ రాష్ట్రమున స్థాపింపబడెను. ఇట్లు కట్టుకొను విమానము పనిలో సగమునకు మించిన భాగమును విద్యకొఱకో వినోదముకొఱకో స్వయముగా చేసినవారికే ఆ తరగతి అనుమతి లభించునని యచ్చటి నిబంధన. కెన్ రాండ్ అను నతడు 1970వ దశాబ్దమున కాలిఫోర్నియాలో రూపొందించిన కే.ఆర్.-2 అను విమానము ఈ కోవలోనిది. కొయ్య దూలములు, నురుగు పలకలు, వానిపై గాజునారబట్ట దాని ముఖ్యాంగములు.

ఈ విమానపు ఱెక్కలో రెండు భాగములు కలవు. శరీరమునకు స్థిరముగా నంటియుండు పొట్టి భాగ మొకటి; దానికి బోల్టులతో బిగింపబడు వెలుపలి భాగము మఱియొకటి. వెలుపలి భాగమును విప్పి విమానమును బండిపై నింటికి తెచ్చుకొనవచ్చును. అయితే బోల్టులు బిగించుటకై ఆ రెంటి నడుమ కొంత యెడము విడువక తప్పదు.

విమానము ఎగురునప్పుడు ఱెక్క క్రింది గాలి యొత్తిడి పైదానికంటె హెచ్చుగా నుండును. ఈ భేదమే విమానమును మోయుచున్నది. నడుమ సందున్నచో క్రింది గాలి దానిగుండ పైకి చిమ్మి, పైభాగమున నునుపుగా పాఱు గాలిని చెదరగొట్టును. అందువలన మోయుబలము తగ్గి, వెనుకకు లాగుబలము హెచ్చి, ఇంధనము వ్యర్థమగును.

మూత చేయు విధము మన బాలబాలికలకు బొత్తిగా క్రొత్తది గాదు. కుండపై నూనె రాచి, కాగితపు ముక్కలను గంజితో పొరలుపొరలుగా నంటించి, ఆఱిన పిమ్మట ఊడదీసినచో కుండ యాకృతి గల చిప్ప వచ్చును. ఇచ్చట ఱెక్కయే కుండ, గాజునారబట్టయే కాగితము, ఎపాక్సీ యను రెసినే గంజి.

మొదట ఱెక్కను బిగించి, సందును నురుగు ముక్కలతో పూరించి, ఇరువైపుల ఱెక్కతో సమమగునట్లు రాచెదరు. దానిపైనను ఇరుప్రక్కల ఱెక్కపైనను రెసిను పట్టుకొనని ప్లాస్టిక్ పట్టీని ముడుతలు లేకుండ అంటింతురు. ఈ పని మఱచినవాని మూత ఱెక్కకే యంటుకొనిపోవును. పిమ్మట గాజునారబట్టను దారములు 45 డిగ్రీల వాలున వచ్చునట్లు కత్తిరింతురు. అట్లు కోసిన బట్ట ఱెక్క ముందంచు వంపున చక్కగా నొదుగును. రెసినును, దానిని గట్టిపఱచు ద్రవమును తయారుచేసినవారు చెప్పిన పాళ్లలో తూచి కలుపవలయును. పాళ్లు తప్పినచో అది సరిగా గట్టిపడదు. హెచ్చుగా కలిపి గిన్నెలో నుంచినచో తనంతట తానే వేడెక్కి పొగలు గ్రక్కును. మూడు నాలుగు పొరలు పఱచి, ఒక్కొక్కదానిని తడిపి, మిగులు రెసినును గీసివేయవలయును. చాలినదానికి మించిన రెసిను బరువునే గాని బలము నీయదు. చేతులకు తొడుగులును, గట్టిపడినదానిని రాచునపుడు గాజుధూళి పీల్చకుండ ముసుగును ఉండితీరవలయును.

గట్టిపడిన మూతను మెల్లగా ఊడదీసి, లోని నురుగును తీసివేసి, అంచులు కోసి, మరల ఱెక్కకు తొడిగి చిన్న స్క్రూలతో బిగింతురు. లోన చేరిన నీరు కాఱుటకు అడుగున నొక రంధ్రము చేయుదురు. మూత లోపలి కడ్డీలకు గాని తీగెలకు గాని తగులకుండ చూచుకొందురు.

స్క్రూలేల, జిగురుతో శాశ్వతముగా నంటించిన మఱింత నునుపుగా నుండదా యని మీరడుగవచ్చును. నునుపుగానే యుండును. కాని ఆ మూత క్రిందనే ఱెక్కను పట్టియుంచు బోల్టులున్నవి. ఎగురువాని ప్రాణము వానిపై నాధారపడియున్నది. అమెరికాలో ఇట్టి విమానమును 12 నెలలకొకసారి విప్పి పరీక్షింపవలయునని నియమము. తెఱవరాని మూత క్రింద బోల్టు త్రుప్పు పట్టినను, చీలిక వచ్చినను ఎవ్వరికిని కానరాదు. వెలుపలి యందము చెడకుండినను లోపలి ప్రమాదము పెరుగుచునే యుండును.

విద్యార్థులారా! లెక్క చేయునపుడు జవాబు మాత్రమే చాలదు, మెట్లన్నియు చూపుడని మేమడిగినప్పుడు మీరు విసుగుకొందురు. మీ పనిని పరీక్షించువారికి తెఱచి చూపుటకే ఆ మెట్లు. ఆ గృహనిర్మాతయు తన మూతను గాలికి మాత్రమే మూయుచున్నాడు. పరీక్షకునకు మూయుట లేదు.