పగిలిన వస్తువుకు పరిహారం: వారంటీ కాగితం చదవడం నేర్చుకుందాం

ప్రియమైన చెల్లెళ్లారా,

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. బొర్రాలో మా ఇంటికి ఏ కాగితం వచ్చినా నాన్న నా చేతికే ఇస్తాడు. నేను పీజీలో చేరినప్పుడు కాఫీ గింజలు, మిరియాలు అమ్మిన డబ్బుతో లాప్‌టాప్ కొనిపెట్టాడు. "ఇంకో రెండు వేలు కడితే మూడేళ్ల దాకా భయం లేదు" అన్నారు దుకాణంలో. నాన్న నా వంక చూసి, "కాగితంలో ఏం రాశారమ్మా?" అని అడిగాడు. నేను చదవకుండానే "బాగానే ఉంది, కట్టెయ్ నాన్నా" అన్నాను.

ఆరు నెలల తర్వాత కిరండోల్ పాసింజర్‌లో విశాఖ వెళ్తుంటే, ఎవరో పై బెర్తు మీది మూట లాగినప్పుడు నా సంచి కింద పడింది. లాప్‌టాప్ తెర పగిలింది. నిజం చెబితే వారంటీ ఇవ్వరేమోనని భయపడి, సర్వీస్ సెంటర్‌లో "దానంతటదే ఇలా అయింది" అన్నాను. వాళ్లు నొక్కుపడిన మూల చూపించి, "ఇది దెబ్బ తగిలి పాడైంది. వారంటీ వర్తించదు" అని రాసిచ్చారు. ఆ రాత్రి ఏడుస్తూనే కాగితం మొదటిసారి మొత్తం చదివాను. పొరపాటున పడి పగిలినా బాగుచేస్తామని అందులోనే ఉంది! నేను చెప్పిన అబద్ధమే నాకు అడ్డుపడింది. మీకు అలా జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

మూడు రకాల హామీలు

సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. హామీని కొనేటప్పుడూ అంతే జాగ్రత్త కావాలి.

1. తయారీదారు వారంటీ: వస్తువుతోపాటు ఉచితంగా వస్తుంది. సాధారణంగా ఒక ఏడాది. తయారీలో లోపం ఉంటేనే వర్తిస్తుంది.

2. పొడిగించిన వారంటీ: డబ్బు కట్టి కొనేది. మొదటి వారంటీ ముగిశాక మొదలవుతుంది. గడువు పెరుగుతుందే తప్ప, కింద పడితే బాగుచేస్తారని దీనికి అర్థం కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

3. ప్రమాద నష్ట రక్షణ: కింద పడటం, నీళ్లు ఒలకడం వంటి వాటికి ఇది కావాలి. దొంగతనం, పోగొట్టుకోవడం, కావాలని పాడుచేయడం సాధారణంగా ఇందులో ఉండవు. ఎన్నిసార్లు క్లెయిమ్ చేయవచ్చు, ప్రతిసారీ మనం ఎంత కట్టాలి, మరమ్మతు కుదరకపోతే ఎంత ఇస్తారు అనేవి కాగితంలో చూసుకోవాలి.

ఈ హామీని వస్తువు చేసిన కంపెనీయే ఇస్తోందా, దుకాణమా, మరో సంస్థా అన్నది కూడా చూడండి. క్లెయిమ్ పెట్టవలసింది హామీ ఇచ్చిన వాళ్ల దగ్గరే.

పాడైన రోజు ఏం చేయాలి?

• వస్తువును వెంటనే ఆపేయండి. తడిసిందైతే చార్జింగ్ పెట్టకండి.
• వీధి చివరి దుకాణంలో విప్పించకండి. బయటివాళ్లు విప్పితే హామీ చెల్లదని చాలా కాగితాల్లో ఉంటుంది.
• పగిలిన చోటును, వెనుకనున్న సీరియల్ నంబరును ఫొటోలు తీయండి. ఫోనైతే ఐఎంఈఐ నంబరు రాసుకోండి. అది బిల్లు మీద, పెట్టె మీద కూడా ఉంటుంది.
• తేదీ, సమయం, చోటు, ఎలా జరిగిందో నాలుగు వాక్యాల్లో ఉన్నదున్నట్టు రాయండి. ప్రతిచోటా అదే చెప్పండి.
• గడువులోగా తెలియజేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నా కాగితంలో గడువు 48 గంటలే. మన కొండల్లో సిగ్నల్ దొరకడానికే సగం రోజు పోతుంది కదా!
• బిల్లు, హామీ కాగితం, గుర్తింపు కార్డు నకళ్లే ఇవ్వండి. అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.
• వస్తువు అప్పగించినప్పుడు జాబ్ షీట్ అడిగి తీసుకోండి. అందులో రాసింది చదివాకే సంతకం పెట్టండి.

కాదంటే ఎక్కడికి వెళ్లాలి?

ముందు కారణం రాతపూర్వకంగా అడగండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మనం నివసించే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా వెళ్లాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

కాగితం మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉంటే మరో దారి కూడా ఉంది. ముందు ఆ కంపెనీకే రాసి, నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు.

నా సంగతి ఏమైందంటే...

మర్నాడే వెళ్లి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. "నిన్న ఒకటి చెప్పావు, ఈ రోజు ఒకటి చెబుతున్నావు" అన్నారు. తప్పు ఒప్పుకుని, రైలు టికెట్టు నకలు కూడా జతచేశాను. మూడు వారాలు తిప్పుకున్నాక క్లెయిమ్ ఒప్పుకున్నారు. నా వాటా కొంత కట్టాను. తెర మార్చారు.

ఇంటికి వెళ్లి నాన్నకు అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే ఇప్పుడు చదువు, నేను వింటాను" అన్నాడు. ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా తెలుగులో చెప్పాను.

చెల్లెళ్లారా! రేపు మీరు కొనే ఫోను వెనుక అమ్మానాన్నల చెమట ఉంటుంది. చదువుకున్నవాళ్లమని వాళ్లు మనల్ని నమ్మి సంతకం పెడతారు, వేలిముద్ర వేస్తారు. అందుకే డబ్బు కట్టకముందే కాగితం చదవండి. వస్తువు పాడైతే నిజం చెప్పండి.

మీ అక్క,
పూర్వ విద్యార్థిని, బొర్రా