మనం వెళ్తాం కాబట్టే అది లాగుతుంది

హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఐదింటికి కుక్కను తిప్పేవాళ్లను ‘ఇంత పొద్దున్నేనా?’ అని అడిగితే ‘ఎండలండీ, పాపం దాని కాళ్లు కాలతాయి’ అంటారు. ఏప్రిల్, మే నెలల్లో అది నిజమే. కానీ డిసెంబర్‌లోనూ వాళ్లు ఐదింటికే వస్తారు. మళ్లీ రాత్రి పదకొండు దాటాక కనిపిస్తారు. ఎండ సంగతి కాదది. ఆ వేళల్లో రోడ్డు మీద ఇంకో కుక్క, స్కూటరు, పక్కింటి పిల్లలు ఉండరు. ముప్పై కిలోల లాబ్రడార్ మనిషిని గేటు నుంచి సందు చివరిదాకా ఈడ్చుకెళ్లినా చూసి నవ్వేవాళ్లుండరు.

బెల్టుతో నడవడం నేర్పని కుక్క ఉన్న ఇంట్లో ఇబ్బంది ఒక్కరోజులో ముదరదు. ఇంటివాళ్లే కొద్దికొద్దిగా సర్దుకుపోతారు. మొదట వేళ మారుతుంది. తర్వాత దారి మారుతుంది, వీధికుక్కలుండే చెత్తకుండీ సందు మానేస్తారు. ఆపైన మనిషి మారతాడు. అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకున్న కుక్క నాన్న చేతికి, నాన్న భుజం పట్టేశాక వాచ్‌మన్ చేతికి వస్తుంది. ఆఖరికి వాకింగే పోయి, మేడ మీద పది నిమిషాలు వదిలితే చాలనుకుంటారు. ఎవరైనా కదిలిస్తే ‘మావాడు బంగారం, ఇంట్లో కిక్కురుమనడు’ అంటారు. అందులో అబద్ధమూ లేదు. ట్రైనర్‌ను పిలుద్దామన్న ఆలోచన రానివ్వనిది సరిగ్గా ఈ సర్దుబాటే. డబ్బు, తీరిక, మొహమాటం దీని తర్వాతే.

ఇంతకీ కుక్క ఎందుకు లాగుతుంది? మొండితనంతో కాదు. దాని నడకే మన నడక కంటే వేగం. ముందున్న కరెంటు స్తంభం దగ్గరి వాసన దానికి కావాలి. లాగింది, మనం నాలుగడుగులు వేశాం, స్తంభం వచ్చింది. లాగితే పనవుతుందని నేర్పింది మనమే. నాలుగు రోజులు ఓపికపట్టి ఆగి, ఐదోరోజు ‘ఆఫీసుకు టైమైంది’ అని దాని వెంట వెళ్లామా, ఇంకా చెరుపు. ఎప్పుడో ఒకసారి ఫలించే పనిని ఏ జంతువూ అంత తేలిగ్గా వదలదు. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దీన్ని పావురాల మీద తేల్చాడు. పేకాట క్లబ్బులకు అంతకుముందే తెలుసు.

ఇక హస్కీ సంగతి. మంచు మీద బండి లాగడానికే తరతరాలుగా పెంచిన జాతిని మణికొండ ఫ్లాట్లో ఏసీ వేసి పెంచుతూ, అది లాగుతోందని విసుక్కోవడం ఏం న్యాయం?

లాగితే లాగనీ అని ఊరుకోవడానికీ లేదు. 2001 నుంచి 2020 వరకు అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ లెక్కలను జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు తిరగేస్తే, బెల్టు పట్టుకుని కుక్కను తిప్పుతూ గాయపడి వచ్చిన పెద్దలు 4 లక్షలకు పైనే అని తేలింది. అన్నిటికంటే ఎక్కువగా విరిగింది వేలు. బెల్టును చేతికి రెండు చుట్లు చుట్టుకునేవారు ఈ మాట ఇంకోసారి చదువుకోవాలి. దెబ్బ ఎదుటివారికి తగిలితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది. పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తకు ఆరు నెలల దాకా జైలు, లేదంటే 5,000 రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

నేర్పడంలో ఆలస్యం మొదలయ్యేది టీకాల దగ్గర. పార్వో వైరస్ భయంతో డాక్టరు ‘కోర్సు పూర్తయ్యేదాకా బయట తిప్పొద్దు’ అంటారు. మన వీధుల్లో ఆ భయం సబబే. అయితే కుక్కపిల్ల కొత్త మనుషులకు, చప్పుళ్లకు బెదరకుండా అలవాటుపడే వయసు మూడో వారం నుంచి ఇంచుమించు పద్నాలుగో వారం దాకానే. కోర్సు అయ్యేసరికి అది కాస్తా దాటిపోతుంది. కింద దించకుండా ఎత్తుకుని గేటు దాకా వెళ్లి ఆటో హారన్లు వినిపించవచ్చు, హాల్లోనే పట్టీ కట్టి నడిపించవచ్చు. చాలామంది చేయరు. ‘చిన్నదే కదా, పెద్దయితే అదే తెలుసుకుంటుంది’ అంటారు. ఐదు కిలోలున్నప్పుడు లాగితే అదో ముద్దు మరి.

పెద్దయ్యాక ముద్దు తీరుతుంది, ఉచిత సలహాలు మొదలవుతాయి. ‘నువ్వే బాస్‌వని దానికి తెలియాలి, చోక్ చైన్ వెయ్యి’ అంటాడు పక్క ఫ్లాటాయన. ఈ బాస్ సిద్ధాంతం 1940లలో బోనులోని తోడేళ్లను చూసి అల్లింది. 1970లో తన పుస్తకంతో దాన్ని ఊరూరా పాకించిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మానాన్నా పిల్లలేనని 1999లో తనే రాశాడు. చైన్ మాత్రం షాపుల్లో వేలాడుతూనే ఉంది. మెడ నొప్పికి కుక్క కొన్నాళ్లు ఆగుతుంది. కానీ ఎదురుగా ఇంకో కుక్క కనబడిన ప్రతిసారీ మెడ నొక్కుకుంటుంటే, నొప్పి ఆ కుక్క వల్లే అనుకుంటుంది. లాగడం కాస్తా మీదపడి అరవడం దాకా వస్తుంది. ట్రైనర్‌కు ఫోన్ వెళ్లేది అప్పుడే.

ఆ ఫోన్‌లో మొదటి ప్రశ్న: ‘రెండు నెలలు మీ దగ్గరే ఉంచుకుని నేర్పి పంపుతారా?’ స్కూటర్ని మెకానిక్ దగ్గర వదిలినట్టు. ఒప్పుకునేవాళ్లూ దొరుకుతారు. కుక్క చక్కగా నడుస్తూ తిరిగొస్తుంది, వారం తిరక్కుండా మళ్లీ లాగుతుంది. బెల్టు పట్టుకునే చెయ్యి మారలేదుగా! ఎవరి దగ్గరికి పంపినా ముందు ఒక్కమాట అడగాలి: ‘తప్పు చేస్తే ఏం చేస్తారు?’ కొడతామన్నా, చైన్ బిగిస్తామన్నా ఇంకొకరిని చూసుకోవడమే.

పని తెలిసినవాడి మొదటి క్లాసు చూడటానికి చప్పగా ఉంటుంది. లిఫ్ట్ నుంచి గేటు దాకా వెళ్లడానికే అరగంట. బెల్టు బిగుసుకుంటే దాన్ని పట్టుకున్న మేడమ్ ఆగాలి. వెనక్కి గుంజకూడదు, అరవకూడదు. కుక్క కాసేపు అటే చూసి, ఏమైందన్నట్టు తల తిప్పుతుంది. బెల్టు వదులవుతుంది. ఆ క్షణంలోనే ఎడమ మోకాలి పక్కన ఉడికించిన చికెన్ ముక్క. మళ్లీ రెండడుగులు.

‘ఇంతేనా? దీనికా మీకు ఫీజు?’ అని అడగనే అడుగుతారు మేడమ్.

‘ఇంతే మేడమ్. వానొచ్చినా, టైమ్ లేకపోయినా ఇలాగే ఆగాలి, దానికే ఫీజు. సాయంత్రం సార్ తిప్పుతారన్నారు కదా, ఆయన ఆగరు. రేపు సార్‌ని కూడా కిందికి రమ్మనండి.’