చూస్తే బొమ్మలాంటి ఊరు.. ఉంటే తెలుస్తుంది ఏటి తీరు

ఇంగ్లండు పల్లెటూరు అనగానే మీకు క్యాలెండరు బొమ్మ గుర్తుకొస్తుంది. రాతి గోడలు, గడ్డికప్పు ఇళ్లు, పక్కనే ఏరు, ఒడ్డున మేసే ఆవులు. అలాంటి ఊళ్లో ఉండేవాళ్లకేం, రాజాల్లా బతుకుతారనుకుంటాం. కానీ మురుగు కాలువ పూడితే అక్కడి రైతుకూ నిద్ర పట్టదు. ఏరు పొంగితే అతనూ పశువుల్ని తోలుకుని మెరకకు పరుగెత్తాల్సిందే. అలాంటి ఊరి కథే ఇది.

ఆ ఊరి పేరు మచల్నీ. నైరుతి ఇంగ్లండులో సోమర్‌సెట్ అనే జిల్లా ఉంది. అందులో పారెట్ నది పక్కన ఈ ఊరు. జనాభా 200కు అటూ ఇటూ. వాళ్ల పాత భాషలో మచల్నీ అంటే పెద్ద లంక అని అర్థం. చుట్టూ పల్లపు పచ్చిక భూములు, నడుమ కాస్త మెరక. ఆ మెరక మీదే ఊరు. గోదావరి లంకల్లో ఉండేవారికి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

సన్యాసులు కట్టిన ఊరు

వెయ్యేళ్ల కిందటే ఇక్కడ క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. చుట్టుపక్కల చిత్తడి నేలలకు కాలువలు తవ్వి, గట్లు పోసి, మేత భూములుగా మార్చింది ఇలాంటి మఠాల వాళ్లే. 1538లో రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో మఠం మూతపడింది. దాని చర్చిని కూలగొట్టారు. ఆ రాళ్లు కొన్ని ఊళ్లోని ఇళ్ల గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. మఠాధిపతి ఉన్న ఇల్లు మాత్రం మిగిలింది. సన్యాసులు వాడుకున్న రెండంతస్తుల మరుగుదొడ్డి కూడా నిలిచి ఉంది. దానికీ గడ్డికప్పే! చూడటానికి దూరం నుంచి జనం వస్తారు.

ఇల్లు మనదే, ఇష్టం మనది కాదు

ఇలాంటి చారిత్రక ఊళ్లలో పాత ఇళ్లు ప్రభుత్వ జాబితాలో ఉంటాయి. జాబితాకెక్కిన ఇంటికి కిటికీ మార్చాలన్నా, గోడ పడగొట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. సొంత ఇల్లే కదా అని చెయ్యి వేస్తే కేసవుతుంది. గడ్డికప్పు తీసేసి పెంకులు వేసుకుంటామన్నా అంత తేలిగ్గా ఒప్పుకోరు.

మరి ఆ కప్పుకు గడ్డి ఎక్కడిది? ఈ సంగతి మీకు ఆసక్తిగా ఉంటుంది. ఇప్పటి పొట్టి గోధుమ రకాల గడ్డి కప్పుకు పనికిరాదు. అందుకని కొందరు రైతులు పొడవుగా పెరిగే పాత రకాలనే వేస్తారు. 1964లో వచ్చిన మారిస్ విడ్జన్ అలాంటిదే. దిగుబడి తక్కువ, ఎరువు ఎక్కువైతే పడిపోతుంది. కోత యంత్రం పెడితే గడ్డి నలిగిపోతుంది కాబట్టి పాత కాలపు కట్టలు కట్టే యంత్రంతో కోస్తారు. గింజతోపాటు గడ్డికీ ధర పలుకుతుంది. పాత రకం విత్తనం ఇలా బతికి ఉంది.

ఏరు పైన, పొలం కింద

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ప్రాంతంలో నదులు గట్ల మధ్య, పక్క పొలాల కంటే ఎత్తున పారుతాయి. అంటే పొలంలో పడ్డ వాన నీరు తనంతట తాను ఏట్లోకి పోదు, పంపులతో ఎత్తిపొయ్యాలి. ఈ ప్రాంతంలోని వెస్టన్‌జోయ్‌లాండ్‌లో 1830లోనే ఆవిరి యంత్రం పంపు పెట్టారు.

దానికి తోడు సముద్రం పోటు. పారెట్ కలిసే బ్రిస్టల్ ఛానల్‌లో పోటు, పాటుల మధ్య తేడా ప్రపంచంలోనే ఎక్కువగా ఉండే చోట్లలో ఒకటి. పోటుకు సముద్రం నీరు ఏట్లోకి ఎదురెక్కి, వస్తూ వస్తూ ఒండ్రు తెస్తుంది. అది ఏటి అడుగున పేరుకుంటుంది. పోటున్నంతసేపూ పైనుంచి వచ్చే నీటికి దారి ఉండదు.

పొలాల మధ్య ఉండే మురుగు కాలువలను అక్కడ రీన్‌లు అంటారు. ఎండాకాలం వాటిలో నీళ్లు నిలబెడతారు. అవే పశువులకు తాగునీరు, అవే పొలానికి కంచె. ఆవు కాలువ దాటి పక్క చేలోకి పోదు. చలికాలం ముందు నీటిమట్టం దించి వానకు చోటు ఖాళీ చేస్తారు. ఏటేటా కాలువల్లో తుంగ, నాచు తీయడం తప్పనిసరి. దీన్ని చూసేందుకు మురుగునీటి బోర్డులున్నాయి. భూమి ఉన్న రైతు పన్ను కడతాడు, బోర్డు సభ్యులను ఎన్నుకోవడంలో ఓటూ వేస్తాడు.

2014లో ఏమైంది?

చలికాలంలో పల్లపు భూముల్లో కొద్దిపాటి నీరు నిలవడం వాళ్లకు కొత్త కాదు. కొత్త ఒండ్రు పడి గడ్డి బలంగా వస్తుందని పూర్వం సంతోషించేవారు కూడా. కానీ 2013-14 చలికాలం వేరు. ఇంగ్లండు, వేల్స్‌లలో 1766 నుంచి ఉన్న లెక్కల్లో అంత వాన పడిన చలికాలం మరొకటి లేదు. సోమర్‌సెట్‌లో దాదాపు 17 వేల ఎకరాలు మునిగాయి. మచల్నీకి వెళ్లే దారులన్నీ వారాల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. బడికి, కొట్టుకు, ఉద్యోగానికి అన్నిటికీ పడవే గతి.

మెరక మీదున్న ఇళ్లు చాలావరకు నిలిచాయి, పల్లంలోని ఇళ్లలోకి నీరొచ్చింది. ఆ చుట్టుపక్కల రైతులు వందల పశువుల్ని లారీలకెక్కించి ఎక్కడెక్కడికో తరలించారు. మేత తడిసిపోతే దేశం నలుమూలల నుంచి ముక్కూ మొహం తెలియని రైతులు గడ్డి కట్టలు పంపారు. నీరు తీశాక చూస్తే పచ్చిక కుళ్లిపోయి ఉంది. మళ్లీ విత్తనం చల్లుకోవాల్సి వచ్చింది.

తప్పెవరిది?

ఏటి పూడిక ఏళ్ల తరబడి సరిగా తీయలేదు, అందుకే మునిగామని రైతులు గట్టిగా అడిగారు. అంత వానకు పూడిక తీసినా మునిగేవే, కాకపోతే నీరు త్వరగా దిగేది అని నిపుణులు చెప్పారు. రైతుకు ఆ రెండో ముక్కే ముఖ్యం. పది రోజులు మునిగిన గడ్డి తేరుకుంటుంది, పది వారాలు మునిగితే చస్తుంది.

అడిగినందుకు ఫలితం లేకపోలేదు. నెదర్లాండ్స్ నుంచి భారీ పంపులు తెప్పించారు. 2014లోనే పారెట్, టోన్ నదుల్లో 8 కిలోమీటర్ల మేర పూడిక తీశారు. మచల్నీ రోడ్డును సుమారు 1.2 మీటర్లు ఎత్తు పెంచారు. 2015 జనవరిలో సోమర్‌సెట్ రివర్స్ అథారిటీ ఏర్పడింది. దాని ఖర్చుకు ఇంటి పన్నుతోపాటు జిల్లా జనమంతా కొంత కడుతున్నారు. పల్లంలో ఉన్నవాడి కష్టానికి మెరకన ఉన్నవాడూ చెయ్యి కలిపాడన్నమాట.

అయినా గండం గడిచిందని వాళ్లు గుండె మీద చెయ్యి వేసుకోరు. తీసిన ఒండ్రును పోటు మళ్లీ తెస్తూనే ఉంటుంది. ఊరు వదిలి పొమ్మంటే మాత్రం పోరు. వెయ్యేళ్లుగా నీటిని కాచుకుంటూ బతికిన నేల అది.

చివరగా ఒక్క మాట. మీ పొలం పక్క మురుగు కాలువలో ఈ ఏడు తూటుకాడ, గుర్రపుడెక్క తీశారా? తొలకరికి ముందే నలుగురూ కలిసి ఒకసారి చూసుకోండి. నీరొచ్చాక చేసేదేం ఉండదు.