ఒంటరి గాయకుని మేళము

ధనుర్మాసమున తెల్లవారుజామున హరిదాసు వీథిలోనికి వచ్చుచున్నాడని మనకు మొదట తెలుపునది ఆయన గజ్జెల చప్పుడు. తలపై అక్షయపాత్ర, ఒక చేత తంబుర, రెండవ చేత చిడతలు, కాళ్లకు గజ్జెలు, నోట కీర్తన. వెంట మద్దెలగాడు లేడు. శ్రుతి పట్టువాడు లేడు. అయినను చేట నిండ బియ్యముతో వాకిటికి వచ్చిన గృహిణికి ఆ పాటలో ఏదియు కొఱవడినట్లు తోచదు. ఒక్క మనుష్యుడే ఒక మేళము కాగలడా అను ప్రశ్నకు సమాధానము మన గుమ్మము ముందటనే ఉన్నది.

తామే పాట వ్రాసి, తామే బాణీ కట్టి, తామే సభలో పాడదలచు యువతీయువకులకు ఈ ప్రశ్న వేడుకకై పుట్టినది కాదు. నలుగురు వాద్యకాండ్రను వెంటబెట్టుకొని పాలమూరు నుండి నల్లగొండకు పోయి రావలెనన్న, చేతికి వచ్చు పారితోషికము దారి ఖర్చులకే చాలదు. ఒంటరి మేళమును కూర్చుకొనుట ఎట్లో ఈ ప్రసంగమున విచారింతము.

పాటకు నాలుగు పనులు కావలెను. మొదటిది మాట. రెండవది గొంతు నిలుచుటకు ఆధారమైన శ్రుతి. మూడవది నడకను తప్పనీయని లయ. నాలుగవది గొంతు ఆగినపుడు దానికి బదులు పలుకు నాదము. ఈ నాలుగింటిని నెరవేర్చుటకు మనిషికి ఉన్నవి ఒక నోరు, రెండు చేతులు, రెండు కాళ్లు. ఎన్ని వాద్యములను మోయగలమన్నది ఇచట ముఖ్యము కాదు. ఏ పనిని ఏ అవయవమునకు అప్పగింపవలెను, ఏ క్షణమున ఏది ఊరకుండవలెను అనునదియే ముఖ్యము.

దీనికి మేలైన ఉదాహరణము పాలమూరు సీమలోనే కలదు. అదియే పన్నెండు మెట్ల కిన్నెర. కిన్నెర మనకు క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య అను శివభక్తుని కథ చెప్పినాడు. నేటి నాగర్‌కర్నూలు జిల్లా, లింగాల మండలము, అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు ఈ వాద్యమును మరల నలుగురి నోట పడజేసిరి. ఆ జిల్లా 2016 వఱకు మహబూబ్‌నగర్‌లోనిదే. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రగీతమున ఆయన గొంతు దేశమంతట వినబడినది. 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. పండుగుల సాయన్న వంటి స్థానిక వీరుల కథలను ఆయన కిన్నెరపై పాడుచు వచ్చిరి.

కిన్నెర నిర్మాణము చూడుడు. పొడవైన వెదురు దండి. దానికి క్రింద కట్టిన ఎండిన బుర్రలు. దండిపై తేనెమైనముతో నిలిపిన మెట్లు. వాని మీదుగా లాగిన తీగ. తీగ సన్ననిది కావున అది ఒంటరిగా కదలించు గాలి స్వల్పము. ఆ కదలికను బుర్రలోని గాలి అందుకొని పెద్దది చేయును. మెట్టుపై వ్రేలు మోపగా పలుకు తీగ పొట్టిదగును, స్వరము హెచ్చును. తీగ సరిగా సగమైనచో పై షడ్జము పలుకును. వ్రేలు మోపకుండ మీటినపుడు వచ్చు నాదము గాయకునికి నేల వంటిది.

ఇపుడు పని పంపకము గమనింపుడు. ఒక చేయి మెట్లపై నడచును. రెండవ చేయి మీటును. ఆ మీటులోనే లయ ఉన్నది. కథలో మాట ముఖ్యమైనపుడు తీగ తగ్గి నడచును. పాదము ముగియగానే తీగ ముందుకు వచ్చి పలుకును. ఆ వ్యవధిలో గాయకుడు ఊపిరి తీసికొనును, తరువాతి పాదమును తలచుకొనును. వినువారికి అది అలంకారము. పాడువానికి అది విశ్రాంతి. ఒంటరి మేళపు కిటుకంతయు ఇందే ఉన్నది.

బుఱ్ఱకథకుడు వేఱొక త్రోవ త్రొక్కెను. భుజమున తంబుర, చేతి వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. శ్రుతిని, తాళమును కూడ అతడే చూచుకొనును. అయినను అతడు హాస్యమునకు, వంతకు ఇరువురిని తోడు పెట్టుకొనును. సుదీర్ఘమైన కథకు ఒక్క ఊపిరి చాలదని పెద్దలెఱుగుదురు. నల్లగొండ జిల్లా వాడైన సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలమున గొల్లసుద్దుల వరుసలో పాటలు కట్టెను. జనమెఱిగిన నడకను ఎన్నుకొన్నచో సగము మేళము వినువారి చెవులలోనే సిద్ధముగా ఉండును. పాట వ్రాయువారు దీనిని మఱువరాదు.

ఇతర దేశములలోను ఈ యత్నము జరిగినది. అమెరికాలో జెస్సీ ఫుల్లర్ (1896–1976) అను గాయకుడు చేతులతో పన్నెండు తీగల గిటారు వాయించుచు, మెడకు తగిలించిన చట్రములోని మౌతార్గన్ ఊదుచు, మంద్రస్వరములకై కాలితో త్రొక్కు తీగవాద్యమొకటి తానే నిర్మించుకొనెను. దానికి ‘ఫోట్‌డెల్లా’ అని పేరు. నేడు అట్టి శ్రమకు బదులు లూపర్ అను పెట్టె వచ్చినది. కాలితో మీట నొక్కి ఒక వరుస వాయించినచో అది దానిని పట్టి, మరల మరల వినిపించును. దానిపై మఱొక వరుస చేర్చవచ్చును. కాని మొదటి వరుసలో తాళము వెండ్రుకవాసి తప్పినను ఆ తప్పు పాట ముగియువఱకు తిరిగి తిరిగి వచ్చును. మఱియు పెట్టె మన కొఱకు ఆగదు. కన్నీరు వచ్చు చోట నడక తగ్గింపదలచినను అది తగ్గదు; కిన్నెర తగ్గును.

కావున ప్రారంభించువారికి మా సూచన ఇది. మొదట ఏ వాద్యమును లేక, పాదముతో తాళము వేయుచు పాట ఆసాంతము పాడుడు. మాట తడబడినచో ఆ తాళము ఇంకను కాలికి అబ్బలేదని గ్రహింపుడు. అది కుదిరిన పిమ్మట శ్రుతి చేర్చుడు. తరువాత పాదమునకు పాదమునకు నడుమ మాత్రము తీగ పలికింపుడు. యంత్రముల మాట కడపట. స్టూడియోలో మేము నిత్యము గమనించు విషయమొకటి కలదు: రేడియో శ్రోతకు గాయకుని ఆట కనబడదు, గజ్జె మాత్రమే వినబడును. అది మాటను మ్రింగినచో పాట పోయినట్లే. గొంతునకు ఒక మైకు, తీగకు ఒక మైకు ఉంచి, గజ్జెలకు కొంత దూరము పాటింపుడు. మీ పాటను ఫోనులో పట్టి, మఱునాడు కన్నులు మూసికొని వినుడు. ప్రతి మాటయు తెలిసినచో మేళము కుదిరినట్లే.

ఒక మాట చెప్పి విరమింతుము. లూపర్ పాడైనచో అంగడిలో మఱొకటి దొరకును. కిన్నెర అట్టిది కాదు. దానిని వాయించువాడే కట్టుకొనుట వాడుక; బుర్రను ఎంచుట, మెట్టు నిలుపుట, కథను తీగతో నడపుట ఒకే చేతి విద్యలు. ఆ చేయి మఱొక చేతికి నేర్పక పోయినచో వాద్యముతోపాటు దానిపై నిలిచిన కథలును పోవును. పాలమూరు యువగాయకులు క్రొత్త పెట్టెలను కొనుటకు ముందు కిన్నెర పట్టినవారి చెంత కొన్ని దినములు కూర్చుండవలెను. వారికి గురుదక్షిణ చెల్లింపవలెను. వినుచున్న మనము కూడ, ఒంటరిగా వచ్చిన గాయకునికి నలుగురి శ్రమకు తగిన ప్రతిఫలము ఇచ్చుట న్యాయము.